ఆపా సిస్టం

ఒక గదిలో నాలుగైదు కంప్యూటర్లుంటే, వాటిలో కొన్నిటికి నెట్ ఇచ్చి కొన్నిటికి ఆపడం పెద్ద విద్యేం కాదు. ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతుంటారు. రౌటర్ పేజీ తెరవండి, మెషీన్ల పేర్లన్నీ వరుసగా కనిపిస్తాయి, వద్దనుకున్నవాటి పక్కన టిక్కు పెట్టి సేవ్ కొట్టండి, అంతే అంటాను. టీ చల్లారేలోపు అయ్యే పని. ఆ తర్వాత వచ్చే తలనొప్పి గురించి మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయినా ఇవాళ చెప్తాను. పెద్దాయన సలహా అనుకున్నా సరే, రిటైరైనవాడి గొణుగుడు అనుకున్నా సరే, నాకు పట్టింపు లేదు.

నేను పనిచేసింది మార్కాపురం, గిద్దలూరు మధ్య ఒక మండల కేంద్రంలోని చిన్న సర్కారు ఆఫీసులో. ఏ ఊరో, ఏ ఆఫీసో చెప్పను. అక్కడివాళ్ళు కొందరు ఇంకా కొలువులో ఉన్నారు. టైపిస్టుగా చేరాను. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చిన రోజు, వాటి అట్టపెట్టెలు విప్పినవాణ్ణి నేనే. పెట్టె విప్పినవాడికి లోపలి సరుకు గురించి కూడా తెలిసే ఉంటుందని అందరూ అనుకున్నారు. అప్పటినుంచి తీగ ఊడినా, ప్రింటరు మొరాయించినా, నెట్ పడుకున్నా నన్నే పిలిచేవాళ్ళు. ఆ పని నాకు అప్పగిస్తున్నట్టు ఎవరూ ఆర్డరివ్వలేదు, చివరిదాకా చేసింది మాత్రం నేనే.

మా వైపు మనిషిని పేరు పెట్టి పిలవడమంటే కాస్త మొహమాటం. బస్సు కండక్టరు మామ అవుతాడు, మందుల షాపాయన చిన్నాయన అవుతాడు. ఆఫీసులోనూ అంతే. మా అటెండరు అందరికీ మామ. టపాలు ఎక్కించుకోడానికి ఆయనకూ ఒక పాత కంప్యూటరు ఇచ్చారు. సీనియర్ అసిస్టెంటు బావ. ఆయన నన్ను బావా అంటాడు, నేనూ ఆయన్ని బావా అంటాను. ఎటునుంచి వచ్చిన చుట్టరికమో ఇద్దరికీ తెలియదు. వెనక గదిలో కూర్చునే కంప్యూటర్ ఆపరేటరు మార్కాపురం నుంచి వచ్చే ముస్లిం ఆవిడ. ఆమెను అందరం ఆపా అనేవాళ్ళం. ఆపా అంటే వాళ్ళ మాటలో అక్క. ఆమె నన్ను అన్నా అనేది. నేను ఆమెకు అన్నను, ఆమె నాకు అక్క. ఇద్దరిలో ఎవరు పెద్ద అన్నది ఇన్నేళ్ళలో తేల్చుకోలేదు, అవసరమూ రాలేదు.

కంపెనీ వాడు కంప్యూటర్లకు పెట్టి పంపిన పేర్లు బారెడు అక్షరాలు, అంకెలు. అవి ఎవరికి గుర్తుంటాయి. అందుకని రౌటర్లో నేను మనుషుల పేర్లే రాసుకున్నాను: మామ, బావ, ఆపా, చాంబరు. "అన్నా, మామ సిస్టం పడుకున్యాది" అని ఎవరైనా కేకేస్తే సరిగ్గా దాని దగ్గరికే వెళ్ళేవాణ్ణి. చాలా సుఖంగా ఉండేది. ఆ సుఖమే మా మెడకు చుట్టుకుంటుందని ఎవరనుకుంటారు.

ఆపా కాంట్రాక్టు మనిషి. ఆమె భర్త పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద చేసి చేసి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పట్టి, దమ్ముతో ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఇల్లు నడిచేది ఈమె కొలువు మీదే. ప్రతి ఏడూ ఆఫీసరు రెండు మంచి మాటలు రాసి సంతకం చేస్తేనే ఆమెకు ఇంకో ఏడు. మాకైతే తప్పు చేస్తే మెమో, సంజాయిషీ, విచారణ, ఇన్ని మెట్లుంటాయి. ఆమెకు ఒకే మెట్టు, అది దిగితే వీధి. ఈ తేడా మా అందరికీ తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు.

ఆ ఏడు కోతల ముందు వానలు పడి మిరప, కంది, పత్తి అన్నీ దెబ్బతిన్నాయి. పంట నష్టపోయిన రైతుల వివరాలు సైట్లో ఎక్కించమన్నారు. మా ఆఫీసుకున్నది ఒకటే నెట్ లైను. రైతులు వరండాలో నిలబడి ఉంటారు, ఆపా తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది, ముందు గదిలో బావ క్రికెట్ చూస్తుంటాడు, మామ ఎవరో స్వామి ప్రవచనం వింటుంటాడు. సరిగ్గా అప్పుడే కొత్త ఆఫీసరు వచ్చాడు. డెల్టా వైపు మనిషి. నిక్కచ్చి, మాట తక్కువ, చెడ్డవాడు కాదు. నేను చాలామంది ఆఫీసర్లను చూశాను కాబట్టి ఆ చివరి మాట ఊరికే అనడంలేదు.

వచ్చిన వారానికే ఆయన వరండాలో రైతుల వెనక నిలబడి కాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు. "నా గదికి, వెనక గదికి తప్ప ఇంక దేనికీ నెట్ ఉండకూడదు. చేయగలరా?"

"చేస్తా సార్."

చేశాను. మొదటిసారి చేసింది తప్పు. కంప్యూటర్లకు రౌటరు ఇచ్చే అంకెలను బట్టి ఆపాను. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మా వైపు కరెంటు సంగతి చెప్పేదేముంది. వచ్చీ రాగానే రౌటరు అంకెలన్నీ కొత్తగా పంచేసింది. మామ సిస్టంలో ప్రవచనం గంటలా మోగుతోంది, సారు గదిలో చుక్క నెట్ లేదు. సారు వచ్చి మామ వెనక నిలబడి ఆ ప్రవచనం కాసేపు విని వెళ్ళిపోయాడు. పిల్లలూ, ఆ అంకెలను నమ్మకండి. ప్రతి మెషీను కార్డుకు పుట్టుకతో వచ్చే నంబరొకటి ఉంటుంది, దాన్ని పట్టుకుని ఆపితే కరెంటు ఎన్నిసార్లు పోయినా కదలదు. రెండోసారి అలాగే ఆపాను.

ఆ సాయంత్రం బావ నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏంది బావా, స్కోరు చూసుకునేదానికి కూడా దిక్కు లేకుండా చేసినావే."

"సారు చెప్పినాడు బావా."

"సారు చెప్తే? నాదొక్కటి వదిలితే ఆయనకు ఎట్ల తెలుస్తాది?"

"మధ్యాహ్నం మామది తెలిసినట్టే."

ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నుంచి సొరుగులో ఫోను పెట్టుకుని చూడటం మొదలుపెట్టాక మళ్ళీ బావా అన్నాడు. వెనక గదిలో మాత్రం చక్రం తిరగడం తగ్గింది. ఆపా పని చూస్తే ముచ్చటేసేది. ఎదురుగా ఉన్న రైతును, "నాయన పేరేంది చిన్నాయనా? పొలం ఏ పక్క?" అని అడిగి, టైపు చేసింది బయటికి చదివి వినిపించి, ఆయన తలూపాకే బటన్ నొక్కేది. అట్లా చేస్తే ఆలస్యమవుతుందని ఒకసారి అన్నాను. "పేరు తప్పు పడితే తిరగలేక సచ్చిపోతారు అన్నా" అంది.

ఒకరోజు సారు జిల్లా మీటింగుకు ఒంగోలు వెళ్ళాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. మా ఆఫీసులో సిగ్నల్ ఒక కిటికీ దగ్గరే వచ్చేది, అక్కడా పూర్తిగా రాదు. పైగా ఆయన గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. నాకు వినబడింది ఇంతే: "వెనక గది సిస్టం... పంట నష్టం ఎంట్రీ... నెట్..." మిగతాది గాలికి పోయింది. ఆ సిస్టం మీద ఎవరున్నారని అడుగుతున్నాడనుకున్నాను.

"ఆపా సార్" అన్నాను.

అవతల ఏదో గరగర, అందులోంచి, "ఆపా... ఇప్పుడేనా?" అని వినబడింది.

"పొద్దన్నుంచి ఆపానే సార్" అన్నాను. అబద్ధం కాదు. ఆమె పొద్దున కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు.

"గుడ్. వెరీ గుడ్" అని ఫోన్ పెట్టేశాడు.

నేను వెనక గదిలోకి వెళ్ళి, నీ పని గురించి అడిగి సారు మెచ్చుకున్నాడని ఆపాతో చెప్పాను. "సారు మెచ్చుకున్యాడా? ఈ రోజు పొద్దు ఏ పక్క పొడిచింది అన్నా" అని నవ్వింది. ఆ హుషారులో క్యారియర్ కూడా విప్పకుండా పని చేసింది. దూరపు మెట్ట ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు వరండాలో ఉన్నారు. వాళ్ళందరివీ ఎక్కించాకే లేచింది. ఇద్దరం ఎక్కాల్సిన రైలుకు టైమవుతోందని నేను తొందరపెట్టాను.

మర్నాడు మేము వెళ్ళేసరికి సారు అప్పటికే ఆఫీసులో ఉన్నాడు. తన గదిలో కాదు, వెనక గదిలో, ఆపా కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను చాంబరుకు రమ్మన్నాడు. బల్ల మీద టైపు చేసిన కాగితమొకటి ఉంది. తలకిందులుగా కూడా ఆపా అసలు పేరు చదవగలిగాను.

"నిన్న నేనేం చెప్పాను మీకు?"

"సిస్టం మీద ఎవరున్నారని అడిగినారు సార్."

"ఎవరున్నారని అడగలేదు. నెట్ ఆపేయమన్నాను. కొన్ని మండలాల్లో దొంగ పేర్లు ఎక్కిస్తున్నారని కంప్లయింట్లు వచ్చాయి. మళ్ళీ పొలాలు చూసి వచ్చేదాకా ఎంట్రీలన్నీ ఆపాలని మీటింగులో చెప్పారు. వెంటనే బయటికొచ్చి మీకు ఫోన్ చేశాను. ఆపాను అన్నారు. ఇప్పుడేనా అని అడిగితే, పొద్దుటి నుంచే ఆపాను అన్నారు. నేను హాల్లోకి వెళ్ళి అందరి ముందు నిలబడి, మా ఆఫీసులో పొద్దున్నే ఆపేశాం సార్ అని చెప్పాను."

అక్కడ ఆగి మంచినీళ్ళు తాగాడు. "జిల్లా పెద్దసారు తెర మా వైపు తిప్పాడు. మన ఆఫీసు నుంచి ఒకదాని వెనక ఒకటి ఎంట్రీలు వస్తున్నాయి. అన్నీ ఆ ఆపరేటరు లాగిన్ మీద. హాలంతా నన్నే చూసింది. ఎవడో చెయ్యి తడిపితే దొంగ పేర్లు తోసేస్తున్నారని అందరికీ అర్థమైపోయింది. నెట్ ఆపాల్సింది మీరు, ఆపానని అబద్ధం చెప్పింది మీరు, ఎక్కించింది ఆమె. ఆమెను తీసేసి పన్నెండులోపు పేరు పంపమన్నారు. మీ సంగతి తర్వాత."

నేను చేయకూడని పని చేశాను. నవ్వాను. నవ్వు వస్తుందని నాకే తెలియదు. ఆపాను అన్నారు, పొద్దుటి నుంచే ఆపాను అన్నారు అని ఆయన రెండుసార్లు అనేసరికి విషయం అప్పుడు తలకెక్కి, ఆపుకోలేకపోయాను. ఆయన మొహం ఎర్రబడింది.

"సార్, నేను ఆపాను అనలేదు. ఆపా అన్నా. ఆపా అంటే ఆమె సార్. ఆమె పేరు."

"ఆమె పేరు ఇది" అని కాగితం మీద వేలు పెట్టి చూపించాడు.

"కాగితం మీద అదే సార్. మేము పిలిచేది ఆపా అని. అక్క అన్నట్టు. పొద్దన్నుంచి ఆపానే అంటే, పొద్దన్నుంచి ఆమే కూర్చోనుందని."

"ఇప్పుడు అల్లుతున్నారు" అన్నాడు.

ఆ మాట వినేసరికి నా నవ్వు ఎక్కడిదక్కడ పోయింది. ఆయన జాగాలో నేనున్నా నమ్మను. నమ్మమనడానికి నా దగ్గర ఏముంది. గడియారం వైపు చూశాను, ఆ కాగితం వైపు చూశాను. ఒక్క రెండక్షరాల మాటకు ఒక ఇంట్లో పొయ్యి ఆరిపోతుందా అనిపించింది. సర్వీసులో అంత భయం నా గురించి నాకు ఎప్పుడూ వేయలేదు.

"సార్, మాది మీ వైపు తెలుగు కాదు. మీరు ఆపాను అంటారు, ఆపా అంటారు. మేము ఆపినా అంటాం. నేను నిజంగా ఆపి ఉంటే ఆపినా సార్ అనేవాణ్ణి. ఎవరినైనా అడగండి."

ఆయన నన్ను అడిగి లాభం లేదనుకున్నాడో ఏమో, గంట కొట్టాడు. మామ వచ్చాడు. ఇంత గొడవ జరుగుతోందని ఆయనకు ఇంకా తెలియదు.

"వెనక గదిలో సిస్టం కట్టేసి రా" అన్నాడు సారు.

మామ వెళ్ళాడు. వెంటనే రాలేదు. గోడ మీద ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. ఆయన నన్ను కూర్చోమనలేదు, నేనూ కూర్చోలేదు. మామ తాపీగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏమైంది?"

"ఆపినా సార్."

"ఇంతసేపేంటి?"

"ఆపా ఏందో సేవ్ చేసుకోవాలంటే, చేసుకోనిచ్చి ఆపినా సార్."

సారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. మామ తన తప్పేదో దొరికిందనుకుని గొంతు తగ్గించి, అదే మాట మళ్ళీ చెప్పాడు. సారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. నవ్వుతున్నాడో, విసుక్కుంటున్నాడో చేతుల చాటున తెలియలేదు.

అప్పటికి ఆపా తలుపు దగ్గరికి వచ్చి మామ వెనక నిలబడి ఉంది. ఎంతవరకు విందో తెలియదు, బల్ల మీద కాగితం మాత్రం ఆమెకు అర్థమైంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నన్ను తీసేసేదుంటే తీసేయండి సార్" అంది. "అవి దొంగ పేర్లని మాత్రం రాయొద్దు. పాపం వాళ్ళు ఎండలో నిలబడి చెప్పినారు. ఒక్కొక్కరికి చదివి చెప్పి ఎక్కించినా."

సారు కాగితం తీసి సొరుగులో పెట్టాడు. నా వైపు తిరిగి, జరిగింది జరిగినట్టు సంజాయిషీ రాసుకురమ్మన్నాడు.

రాయడానికి కూర్చుంటే తెలిసింది అందులోని కష్టం. నేను, బావ తల పట్టుకున్నాం. సర్కారు తెలుగులో దాన్ని ఎలా రాస్తారు. "ఆపా అను పిలుపును ఆపితిని అను అర్థమున గ్రహించుట వలన" అని మొదలుపెట్టాడు బావ. చదివితే మాకే నవ్వొచ్చింది, పైవాళ్ళు చదివితే మమ్మల్ని పిచ్చాసుపత్రికి పంపుతారు. కొట్టేశాం. "సిగ్నల్ సరిగా లేక" అని రాద్దామన్నాడు. అలా రాస్తే, వినబడకపోతే మీరే మళ్ళీ ఫోన్ చేయొచ్చుగా అంటారు. అదీ కొట్టేశాం. క్రికెట్ పోయినప్పటినుంచి నా మీద కినుకగా ఉన్నా, ఆ పొద్దు మాత్రం బావ నాకంటే ఎక్కువ చెమటోడ్చాడు.

చివరికి సారు ఆ కొట్టివేతల కాగితం చూసి పక్కన పెట్టి, తనే పెద్దసారుకు ఫోన్ చేశాడు. పన్నెండుకు ఇంకా కాస్త టైముంది. మేము బయట వరండాలో నిలబడ్డాం. మాకు ఈ వైపు మాటలే వినబడుతున్నాయి.

"లేదు సార్, ఆపలేదు... అవును సార్, ఆపా... ఆపడం కాదు సార్, ఆపా... మనిషి సార్, మనిషి... అక్క అని సార్... నా అక్క కాదు సార్..."

బావ నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. మామ ఇంకేం తప్పు చేశానోనని బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. ఆపా ఒక్కతే నవ్వకుండా, ఆ గది తలుపు వైపే చూస్తూ నిలబడి ఉంది. ఆ తర్వాత అవతల పెద్దగా నవ్వు. ఫోన్లోంచి వరండాదాకా వినబడింది. ఆ నవ్వు విన్నాక ఆపా గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. మామ కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చాడు.

పొలాలు చూసి వచ్చాక ఆపా ఎక్కించిన పేర్లన్నీ నిజమేనని తేలింది. ఆ మెట్ట ఊళ్ళవాళ్ళు మళ్ళీ తిరగాల్సిన పని పడలేదు. ఆపా కొలువు నిలబడింది. ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది నవ్వుకునే కథ, పెళ్ళిళ్ళలో చెప్పుకునేవాణ్ణి.

పెద్దసారు నవ్వడమైతే నవ్వాడు గానీ, ఫోన్ పెట్టేముందు ఒక మాట అన్నాడట: "మీ ఆఫీసులో మనుషులకు పేర్లు లేవా?" అది మా సారుకు గుచ్చుకుంది. అందులో ఆయన తప్పేం లేదు. నిండు హాల్లో అవమానపడి వచ్చినవాడు, మళ్ళీ అలా కాకూడదనుకున్నాడు. రెండు రోజుల తర్వాత నోటీసు బోర్డు మీద ఆర్డరు పెట్టాడు. ఆఫీసు ఆవరణలో సిబ్బంది ఒకరినొకరు పేరుతో గానీ, హోదాతో గానీ, సార్, మేడం అని గానీ పిలవాలి. బంధుత్వ సంబోధనలు వాడరాదు. కంప్యూటర్లకు వరుస నంబర్లు మాత్రమే ఉండాలి. అందరి చేతా సంతకం పెట్టించాడు. రౌటర్లో మామ, బావ, ఆపా తుడిచేసి నంబర్లు పెట్టింది నేనే.

మొదట్లో తమాషాగా ఉండేది. బావ నన్ను "గారూ" అని పిలవబోయి మధ్యలో నవ్వేవాడు. మామను పేరు పెట్టి పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరినో చూసేవాడు. సారు లేనప్పుడు మళ్ళీ మామూలే. కానీ ఆపా అలా కాదు. ఆమె ఆ ఆర్డరును అక్షరాలా పట్టుకుంది. సారు ఉన్నా లేకున్నా నన్ను సార్ అనేది. నేను అలవాటుగా "ఆపా" అని పిలిస్తే తెర మీంచి తల తిప్పేది కాదు. మేడం అంటేనే పలికేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, నా మీద కోపమా అని.

"కోపమేం లేదు సార్" అంది. "ఆ ఒక్క పిలుపుకు నా కొలువు అంచుదాకా పోయొచ్చింది. మీకేమన్నా అయితే మెమో. నాకు మెమో కూడా రాదు గదా."

నిజమే. కానీ బాధేసింది, బాగా బాధేసింది. ఇన్నేళ్ళు పక్క గదిలో అన్నా అన్న గొంతు సార్ అంటుంటే, నా ఇంట్లో నన్నెవరో మీరెవరండీ అని అడిగినట్టుండేది. నెట్ ఆపినప్పుడు ఏది ఎక్కడ ఆపానో నాకు తెలుసు, టిక్కు తీస్తే మళ్ళీ వస్తుంది. దీన్ని ఎక్కడ ఆపారో, ఎక్కడ తీయాలో నాకు తెలియలేదు.

ఆ సారు కొన్నాళ్ళకు బదిలీ అయిపోయాడు. వెళ్ళే రోజు ఆపా గురించి ఫైల్లో మంచి మాటలు రాసి వెళ్ళాడని విన్నాను. తర్వాత ఇంకో ఆఫీసరు, ఆయన తర్వాత ఇంకొకరు. నెట్ లైను కొత్తది వేశారు, ఎవరికీ ఆపాల్సిన పని లేకపోయింది. బావ మళ్ళీ తెర మీదే క్రికెట్ చూస్తున్నాడు. బోర్డు మీద ఆ కాగితం మాత్రం అలాగే ఉంది. పెట్టినవాళ్ళు తీయాలి, లేదా తీయమని ఇంకో ఆర్డరు రావాలి. ఎవరూ ఇవ్వలేదు.

నా రిటైర్మెంటు రోజు మామూలు రిటైర్మెంటే. శాలువా, పూలదండ, మిక్చరు పొట్లం. నా గురించి మాట్లాడినవాళ్ళందరూ నా పేరు చివర గారూ తగిలించి మాట్లాడారు. ఎవరో పోయినాయన గురించి చెప్తున్నట్టుంది. అంతా అయిపోయాక, రౌటరు పాస్‌వర్డు రాసిన చీటీ తర్వాతి కుర్రాడికి ఇచ్చి, వెనక గదిలోకి వెళ్ళాను. ఎదురుగా ఎవరో రైతు కూర్చుని ఉన్నాడు, ఆపా చదివి వినిపిస్తోంది.

"పోయొస్తా ఆపా" అన్నాను. చివరి రోజు కదా, ఏం చేస్తారులే అనుకున్నాను.

ఆమె లేచి నిలబడింది. "మంచిది సార్" అంది. అంతే అంది. రైతు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. నేను శాలువా సంచిలో కుక్కుకుని బయటికి వచ్చేశాను.

గేటు దాటి, రోడ్డుకు అవతల జామకాయల బండి దగ్గర నిలబడ్డాను. స్టేషనుకు ఆటో రావాలి. మనసంతా మట్టిగొట్టుకున్నట్టుంది. అప్పుడు జేబులో ఫోన్ మోగింది. ఆమె నంబరు.

"గేటు దాటినావా?"

"దాటినా."

"రోడ్డు అవతల ఉండావా, ఇవతలనా?"

"అవతల. ఏంది, ఏమన్నా మరిచిపోయినానా?"

"ఏమీ మర్చిపోలేదులే. ఆ కాగితంలో ఆఫీసు ఆవరణలో సిబ్బంది అని గదా రాసినాడు. నువ్విప్పుడు ఆవరణలో లేవు, సిబ్బంది కూడా కాదు. అందుకని గేటు దాటేదాకా చూసి చేసినా." వెనక రైతు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "అన్నా, ఇంటికి చేరినాక ఒక ఫోన్ కొట్టు."

ఆటో వచ్చి నిలబడింది. డ్రైవరు ఎక్కమని చెయ్యి ఊపుతున్నాడు. నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"ఉండావా అన్నా?"

"ఉండా ఆపా" అన్నాను. ఫోను మాత్రం ఆపలేదు, స్టేషను వచ్చేదాకా.